కోస్తా కట్టడానికి హైదరాబాద్ నోట్స్ అతికించకండి: డిజైన్ కార్యాలయాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని స్ట్రక్చరల్ డిజైన్ కార్యాలయాల అధిపతులకు, అక్కడ డ్రాయింగులు గీస్తున్న, సరిచూస్తున్న, సంతకం పెడుతున్న ఇంజనీర్లందరికీ,

నమస్కారం.

మీరు చేస్తున్న పనినే ఈ నగరంలో ముప్పై ఏళ్లకు పైగా చేసి విరమించుకున్నవాడిని. సముద్రానికి 250 కిలోమీటర్లకు పైగా దూరంలో కూర్చుని విశాఖపట్నానికీ, కాకినాడకూ, మచిలీపట్నానికీ, నెల్లూరు తీరానికీ మనం పంపుతున్న డ్రాయింగుల గురించి, వాటిలో ఎవరూ రెండోసారి చదవని ఒక షీటు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ షీటు జనరల్ నోట్స్, అంటే కట్టడమంతటికీ వర్తించే సూచనల పట్టిక. అందులో రెండే రెండు పంక్తులు, అంటే కాంక్రీటు గ్రేడు (బలపు వర్గం) ఎంత, ఇనుముకు కవరు (దాన్ని కప్పే కాంక్రీటు మందం) ఎంత అన్నవి, తీరంలో ఒక ఇంటి ఆయుష్షును దాదాపుగా నిర్ణయిస్తాయి. ఆ రెండు పంక్తులను పాత పని నుంచి తెచ్చి కొత్త పనిలో అతికించే అలవాటు మన కార్యాలయాల్లో ఉంది. నాకూ ఉండేది.

2004లో నేను పనిచేస్తున్న కార్యాలయానికి విశాఖ బీచ్ రోడ్డుకు దగ్గరలో కట్టబోయే అయిదంతస్తుల అపార్ట్‌మెంటు పని వచ్చింది. అంతకు కొద్ది నెలల ముందే కూకట్‌పల్లిలో ఇంచుమించు అదే పరిమాణంలో ఉన్న భవనానికి డ్రాయింగులు ఇచ్చి ఉన్నాం. గడువు తక్కువగా ఉండటంతో ఆ నోట్స్ షీటునే తెరిచి, భవనం పేరు మార్చి, ఊరి పేరు మార్చి వాడుకున్నాం. గాలి వేగం విషయంలో మాత్రం చాలా శ్రద్ధ తీసుకున్నాం. హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50 మీటర్లు కాబట్టి లెక్కలన్నీ మళ్లీ చేశాం. ఆ గాలి మోసుకొచ్చే ఉప్పు సంగతి ఎవరికీ తట్టలేదు. ఎక్స్‌పోజర్ (కట్టడానికి తగిలే వాతావరణపు తీవ్రత) అన్నచోట ‘మైల్డ్’ (తేలిక) అనే మాట అలాగే ఉండిపోయింది. ఎం20 (ఈ అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ) కాంక్రీటు, స్లాబుకు 20 మిల్లీమీటర్ల కవరు, బీముకు 25. సరిచూసి సంతకం పెట్టినవాడిని నేనే.

2017లో వేరే పని మీద విశాఖ వెళ్లినప్పుడు ఆ భవనం చూడాలనిపించి వెళ్లాను. సముద్రం వైపున్న బాల్కనీల అడుగున పెచ్చులు ఊడి, రాడ్లు బయటపడి ఉన్నాయి. బీముల కింద ఇనుము వెంబడే పొడుగ్గా పగుళ్లు, వాటి నుంచి గోడ మీదకు జారిన ఎర్రటి తుప్పు మరకలు కనిపించాయి. మూడో అంతస్తులో ఒక పెద్దావిడ రోజూ పొద్దున్నే బాల్కనీలో రాలిన పెచ్చులు ఊడ్చి ఒక డబ్బాలో పోసి పెడుతున్నారు, ఎవరైనా వచ్చి అడిగితే చూపించడానికి. నేను ఎవరినో చెప్పాక ఆవిడ కోప్పడలేదు. “ఇల్లు కొన్నప్పుడు మేము చూసుకోవలసింది ఏదైనా చూసుకోలేదా బాబూ?” అని అడిగారు. చూసుకోవలసింది మేమే అని చెప్పాను. అంతకు మించి ఏమీ చెప్పలేకపోయాను. పదమూడేళ్లలో ఆ ఇల్లు ఆ స్థితికి వచ్చింది.

ఇందులోని రసాయనం మనమందరం కాలేజీలో చదువుకున్నదే అయినా మరోసారి చెబుతాను. ఎందుకంటే కవరు అంకె వెనుక ఏముందో కళ్ల ముందు లేకపోతే అది వట్టి అంకెగానే మిగిలిపోతుంది. మంచి కాంక్రీటు లోపల పీహెచ్ 12.5కు పైన ఉంటుంది. ఆ క్షారతలో ఇనుము మీద చాలా పల్చని ఆక్సైడ్ పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది. తడి రంధ్రాల గుండా లోపలికి చేరిన క్లోరైడ్ (ఉప్పులోని భాగం), ఇనుము దగ్గర ఒక మోతాదు దాటగానే ఆ పొరను అక్కడక్కడా ఛేదిస్తుంది. ఛేదించిన చోట చిన్న గుంట పడుతుంది. ఆ గుంట ఆనోడ్‌గా (ఇనుము కరిగిపోయే ధ్రువంగా), చుట్టూ ఉన్న మంచి ఇనుమంతా కాథోడ్‌గా పనిచేయడంతో తుప్పు ఒక్కచోటే లోతుగా తొలుచుకుపోతుంది. బొగ్గుపులుసు వాయువు వల్ల వచ్చే తుప్పు రాడ్డు పొడవునా పరుచుకుంటుంది. ఉప్పు తుప్పు మాత్రం రాడ్డు నడుమును కొరికేస్తుంది, పైకి పెద్ద పగులు కనిపించకముందే కొన్నిచోట్ల సగం ఇనుము పోయి ఉండవచ్చు. ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ చర్యలో క్లోరైడ్ ఖర్చు కాదు. ఇనుముతో కలిసి, మళ్లీ విడివడి, అదే గుంటలో తన పని కొనసాగిస్తుంది. ఒకసారి లోపలికి చేరిన ఉప్పు తనంతట తాను అయిపోతుందని ఆశపడటానికి వీల్లేదు. ఇక తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, కవరు కాంక్రీటు లోపలి నుంచి నెట్టబడి పెచ్చులుగా ఊడుతుంది.

ఇప్పుడు మన రెండు పంక్తుల లెక్క చూడండి. కాంక్రీటులోకి క్లోరైడ్ చొచ్చుకుపోయే లోతు స్థూలంగా కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే 40 మిల్లీమీటర్ల కవరు ఇవ్వవలసిన చోట 20 ఇస్తే, ఉప్పు ఇనుమును చేరడానికి పట్టే కాలం సగానికి కాక నాలుగో వంతుకు పడిపోతుంది. 45 ఉండాల్సిన చోట 20 అయితే అయిదో వంతే మిగులుతుంది. డ్రాయింగులో 20 అని ఉన్నది సైటులో, రాడ్డును ఎత్తి పట్టే కవర్ బ్లాకు పగిలి కంకర రాయి పెట్టినచోట, 12 అయిందనుకుందాం. అప్పుడు 45తో పోలిస్తే దక్కేది పద్నాలుగో వంతు కాలం. ఇదంతా ఒకే కాంక్రీటు అనుకుని వేసిన లెక్క. ఎం30 బదులు ఎం20 వేస్తే అందులోని రంధ్రాలు కూడా ఉప్పుకు దారి ఇస్తాయి కాబట్టి వాస్తవం ఇంకా కఠినంగా ఉంటుంది.

కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456:2000 ఈ విషయంలో అస్పష్టంగా ఏమీ లేదు. మూడో పట్టికలో ‘మైల్డ్’ వర్గాన్ని నిర్వచిస్తూనే తీరప్రాంతంలో ఉన్నవాటిని అందులోంచి మినహాయించింది. తీరంలో ఉప్పుగాలి నేరుగా తగలకుండా మరుగున ఉన్న కాంక్రీటు కూడా ‘మోడరేట్’ కిందకే వస్తుంది. అంటే సముద్రతీరపు ఇంట్లో పడకగది లోపలి స్లాబుకు కూడా 20 మిల్లీమీటర్లు సరిపోవు, 30 కావాలి, కాంక్రీటు ఎం25 కావాలి. తీరపు గాలికి బయటపడిన ప్రతి భాగం ‘సివియర్’: ఎం30, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45కు మించకుండా, ఘనమీటరుకు 320 కిలోల సిమెంటుకు తగ్గకుండా, 45 మిల్లీమీటర్ల కవరు. అలల తుంపర తగిలేవి ‘వెరీ సివియర్’: ఎం35, 50 మిల్లీమీటర్లు. ఆటుపోట్ల మధ్య తడిసి ఆరేవి ‘ఎక్స్‌ట్రీమ్’: ఎం40, 75 మిల్లీమీటర్లు. ఎప్పుడూ సముద్రపు నీళ్లలోనే మునిగి ఉండే కాంక్రీటు ‘సివియర్’లోనే ఆగిపోవడం చూసి కొత్తగా చేరిన ఇంజనీర్లు ఆశ్చర్యపోతుంటారు. తుప్పుకు ఉప్పుతో పాటు ప్రాణవాయువు కూడా కావాలి. నీటి అడుగున అది అరుదు. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం జరిగేచోట రెండూ సమృద్ధిగా దొరుకుతాయి, ఆరిన ప్రతిసారీ నీరు ఆవిరై ఉప్పు లోపలే మిగిలిపోతుంది.

ఆ పట్టిక చెప్పనిది ఒకటుంది. తీరప్రాంతం అంటే సముద్రం నుంచి ఎన్ని కిలోమీటర్ల వరకు అన్న దూరం అందులో లేదు. ఆస్ట్రేలియా ప్రమాణం ఏఎస్ 3600 తీరం నుంచి 1 కిలోమీటరు లోపు ఒక వర్గంగా, 1 నుంచి 50 కిలోమీటర్ల వరకు మరొక వర్గంగా విడదీసింది. మన దగ్గర ఆ నిర్ణయం ఇంజనీరుకే వదిలేశారు. వదిలేశారంటే స్థలానికి వెళ్లి చూసి నిర్ణయించమని అర్థం. గాలి ఏ వైపు నుంచి వస్తుంది, మధ్యలో కొండ ఉందా, చెట్లున్నాయా, పక్కింటి కిటికీ ఊచలు ఏ మాత్రం తుప్పు పట్టాయి, ఆ వీధిలో పదేళ్ల వయసున్న పిట్టగోడలు ఎలా ఉన్నాయి అన్నది గూగుల్ మ్యాపు చూస్తే తెలియదు. ఒక్క రోజు ప్రయాణం చేసి, ఆ వీధిలో గంటసేపు నడిస్తే తెలుస్తుంది.

భవనమంతటికీ ఒకే వర్గం రాయడం మరొక పొరపాటు. సముద్రం వైపు బాల్కనీ, సన్‌షేడ్, పిట్టగోడ, మేడ మీది ట్యాంకును మోసే కాలమ్‌లు, కింద పార్కింగులో గోడల్లేకుండా గాలికి నిలిచిన పిల్లర్లు ఒక స్థితిలో ఉంటాయి, లోపలి గదుల స్లాబులు వేరే స్థితిలో ఉంటాయి. అందులోనూ వాననీరు కడిగే ముఖం కంటే, వాన తగలక ఉప్పు పేరుకుపోయే బాల్కనీ అడుగు భాగానికే దెబ్బ ఎక్కువగా తగలడం నేను చాలా చోట్ల చూశాను.

బాల్కనీ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు ఎక్కువ భయం కలిగించేది అదే. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చి, ఒక్కవైపే ఆధారమున్న కాంటిలివర్ స్లాబులో భారం మోసే ఇనుము పైన ఉంటుంది. అడుగున పెచ్చులు ఊడితే ఇంటివాళ్లకు కనిపిస్తుంది, ఎవరినో ఒకరిని పిలుస్తారు. పైనున్న రాడ్డు తుప్పు పడితే దాన్ని టైల్స్, వాటి కింది మోర్టారు కప్పేస్తాయి, రాలడానికి అక్కడ పెచ్చు ఉండదు. స్లాబు వేసేటప్పుడు పనివాళ్లు పై రాడ్ల మీద నడవడంతో అవి కిందికి కుంగి, స్లాబు బలం తగ్గి, గోడ మొదట్లో పైభాగాన పగులు వస్తుంది, ఆ పగులులోకి టైల్స్ సందుల నుంచి ఉప్పునీరు దిగుతుంది, ఆ నీరు ఎక్కడ దిగుతుందో సరిగ్గా అక్కడే రాడ్డు మీద లాగుడు అత్యధికంగా ఉంటుంది. అందుకే తీరపు బాల్కనీకి పై రాడ్లు కుంగకుండా చైర్లు (రాడ్లను ఎత్తి నిలిపే ఇనుప ఆధారాలు) ఎన్ని, ఎంత ఎడంగా పెట్టాలో డ్రాయింగులోనే చూపండి, పైన వాటర్‌ప్రూఫింగ్ ఏమిటో, నీరు బయటికి జారే వాలు ఎంతో రాయండి. సాధ్యమైతే ఆర్కిటెక్టుతో మాట్లాడి సముద్రం వైపు వట్టి కాంటిలివర్ బదులు బీముల మీద కూర్చునే బాల్కనీ ఇవ్వండి.

సిమెంటు విషయంలో తీరమంతటా ఒక అపోహ ఉంది, మన నోట్స్ కూడా దాన్ని పెంచి పోషించాయి. ‘సముద్రం దగ్గర కదా, సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంటు వాడండి’ అని రాసేస్తాం. ఆ సిమెంటులో ట్రై కాల్షియం అల్యూమినేట్‌ను కావాలనే తగ్గిస్తారు. లోపలికి వచ్చిన క్లోరైడ్‌లో కొంత భాగాన్ని పట్టి ఉంచేది అదే పదార్థం. కాబట్టి ఇనుమున్న కాంక్రీటులో, క్లోరైడ్ ప్రధాన శత్రువైనచోట, అది మేలు కంటే కీడే చేయవచ్చు. స్లాగ్ (ఉక్కు కొలిమి చిట్టెం) సిమెంటు, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటు రంధ్రాలను సన్నబరచి ఉప్పు వేగాన్ని బాగా తగ్గిస్తాయి, సముద్రపు నీటికి స్లాగ్ లేదా పోజొలానా (ఫ్లై యాష్ వంటివి కలిసిన) సిమెంటు మేలని ఐఎస్ 456 కూడా అంటుంది. విశాఖలోనే ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి స్లాగ్ వస్తుండగా దాన్ని మన నోట్స్‌లో రాయకపోవడానికి కారణం కనిపించదు. అయితే ఈ సిమెంట్లు మెల్లగా గట్టిపడతాయి కాబట్టి నీళ్లతో తడపడం తప్పనిసరిగా ఎక్కువ రోజులు సాగాలి. పది రోజులకు తగ్గకూడదని, పద్నాలుగు రోజులకు పొడిగించడం మంచిదని అదే ప్రమాణం సూచిస్తుంది. ‘తగినంత క్యూరింగ్ చేయవలెను’ అని మనం రాస్తే మేస్త్రీకి అది మూడు రోజులుగా వినిపిస్తుంది. రోజుల సంఖ్య రాయండి.

ఏ నీళ్లతో తడపాలో కూడా రాయండి. తీరంలో తవ్విన బోరు ఉప్పగా ఉంటే ఆ ఉప్పునే మనం మొదటి రోజు నుంచి కాంక్రీటుకు తాగించినట్టవుతుంది. ఇనుమున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, నీరు, ఇసుక, కంకర, అడ్మిక్చర్లు (కలిపే రసాయనాలు) అన్నీ కలిపి ఘనమీటరు కాంక్రీటులో 0.6 కిలోలు దాటకూడదు. ఈ మాట హైదరాబాద్ పనులకూ వర్తిస్తుంది. ఎక్కడి బోరుదో తెలియని ట్యాంకరు నీళ్లతో ఇక్కడ స్లాబులు వేస్తున్నారు. సముద్రం మనకు దూరమే కానీ, పరీక్ష చేయని నీటితో క్లోరైడ్ మన ఊరికీ రాగలదు.

నేను ఈ మాటలు చెప్పినప్పుడల్లా వినే అభ్యంతరాలు మూడున్నాయి. పైన ప్లాస్టర్ ఉంటుంది కదా అంటారు. ప్రమాణం చెప్పే కవరు కాంక్రీటుది, అందులో ప్లాస్టర్ లెక్కలోకి రాదు. యజమాని ఖర్చు ఒప్పుకోడు అంటారు. డచ్ ఇంజనీరు డి సిటర్ 1984లో చెప్పిన లెక్క ఒకటుంది: డిజైను, నిర్మాణ దశలో పెట్టని ఒక రూపాయి తరువాత నిర్వహణలో అయిదు, మరమ్మతులో ఇరవై అయిదు, పునరుద్ధరణలో నూట ఇరవై అయిదు రూపాయలుగా వస్తుంది. అది కొలిచి తేల్చిన సంఖ్య కాదు, స్థూలమైన సూత్రమే, కానీ విశాఖ బాల్కనీల మరమ్మతు బిల్లు చూసినవాడిగా దాని దిశను నేను కాదనలేను. మూడో అభ్యంతరం మాత్రం ఇంజనీరుకు తగినది. కవరు పెంచితే స్లాబు మందం, బరువు పెరుగుతాయి, ఉపరితలం మీద పగులు వెడల్పు కూడా పెరుగుతుంది అంటారు. నిజమే. ‘సివియర్’ వంటి కఠిన పరిస్థితుల్లో పగులు 0.1 మిల్లీమీటరు దాటకూడదని ప్రమాణం అంటుంది, మామూలుగా 0.3 వరకు అనుమతించేది అదే ప్రమాణం. కాబట్టి కవరు అంకె ఒక్కటే మార్చి ఊరుకుంటే సరిపోదు. లావు రాడ్లు దూరదూరంగా పెట్టే బదులు సన్న రాడ్లు దగ్గరదగ్గరగా పెట్టి, మందం సరిచేసి, లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇది రెండు రోజుల అదనపు పని. ఆ రెండు రోజులు అడగవలసింది మీరే, ఇవ్వవలసింది మీ అధిపతులు.

చిన్న చిన్న విషయాలు కూడా డ్రాయింగులో ఉండాలి. కవర్ బ్లాకులు స్లాబు కాంక్రీటుకు తీసిపోని బలంతో ఉండాలి, బైండింగ్ వైరు కొసలు బయటికి కాక లోపలికి వంచాలి, ఎందుకంటే కవరులోకి పొడుచుకొచ్చిన ఒక్క వైరు ముల్లే తుప్పుకు దారి చూపిస్తుంది. సైటులో నెలల తరబడి ఉప్పుగాలికి పడి ఉన్న రాడ్లను కడిగి, గుంటలు పడ్డవాటిని ఏరి పక్కన పెట్టాలి.

ఇది ఇళ్లకే పరిమితమైన బాధ కాదని మీకు తెలుసు. గోవాలో మాండోవి నది మీద కట్టిన వంతెన రెండు దశాబ్దాలు కూడా నిండకుండానే 1986 జులై 5న కూలిపోయింది, అందులోని ప్రీస్ట్రెస్ కేబుళ్లు (కాంక్రీటును బిగించి పట్టే ఉక్కు తీగలు) తుప్పు పట్టి ఉన్నాయి. దీనికి ఎదురుగా మెక్సికోలోని ప్రోగ్రెసో రేవులో 1937–41 మధ్య స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్లతో కట్టిన వార్ఫు (ఓడలు ఆగే కట్ట) ఈనాటికీ నిలిచి ఉంది, దాని పక్కనే దశాబ్దాల తరువాత మామూలు ఇనుముతో కట్టినది శిథిలమైపోయింది. మనందరం స్టెయిన్‌లెస్ రాడ్లు రాయలేం, ధర ఒప్పదు. కానీ ఒకే సముద్రం ముందు రెండు కట్టడాలకు రెండు గతులు పట్టడానికి కారణం కాగితం మీద ఎవరో తీసుకున్న నిర్ణయమే.

ఇప్పటికే మన నోట్స్‌తో కట్టిన తీరపు భవనాల గురించి కూడా ఒక మాట. ఊడినచోట మాత్రమే గీకి సిమెంటు పూసే మరమ్మతు నిలవదు. కొత్త మోర్టారులోని ఇనుము భద్రంగా మారగానే, దాని అంచున పాత ఉప్పు కాంక్రీటులో ఉన్న ఇనుము కొత్త ఆనోడ్‌గా మారి, ఒకటి రెండేళ్లలో అతుకు చుట్టూ పగుళ్లు మొదలవుతాయి. రాడ్డు వెనుక వరకు కాంక్రీటు తొలచాలి, క్లోరైడ్ ఎంత లోతు వరకు ఉందో నమూనాలు తీసి కొలవాలి, హాఫ్ సెల్ (విద్యుత్ పీడనం కొలిచే) పరీక్షతో కంటికి కనబడని తుప్పును వెతకాలి. మీ కార్యాలయాల పాత ఫైళ్లలో 2000 తరువాతి కోస్తా పనులు ఎన్ని ఉన్నాయో తీయండి, వాటిలో ‘మైల్డ్’ అని రాసినవి వేరు చేయండి, ఆ భవనాల సంఘాలకు ఉత్తరం రాసి ఒకసారి పరీక్ష చేయించుకోమని చెప్పండి. అలా రాయడం తప్పు ఒప్పుకోవడమే అవుతుందని, చట్టపరమైన చిక్కులు వస్తాయని కొందరు మిత్రులు నన్ను హెచ్చరించారు. ఆ జంకు నాకు అర్థమవుతుంది. అయినా పై రాడ్డు తుప్పు పట్టిన బాల్కనీలో సాయంత్రం పూట పిల్లలు నిలబడతారన్న సంగతి తెలిసి కూడా మౌనంగా ఉండటం నాకు సాధ్యం కాలేదు. 2017లోనే ఆ భవన సంఘానికి నా పేరుతో ఉత్తరం రాశాను. సముద్రం వైపు బాల్కనీలన్నిటికీ కింద ఆధారాలు పెట్టి, పరీక్షించి, కొన్నింటిని పూర్తిగా తొలగించి మళ్లీ వేశారు.

మీలో ప్రతి కార్యాలయానికీ నా అభ్యర్థన ఇది. రేపటి నుంచి కోస్తా పని ఏది వచ్చినా నోట్స్ షీటును ఖాళీ కాగితంతో మొదలుపెట్టండి. ఎక్స్‌పోజర్ వర్గాన్ని భవనానికి ఒకటిగా కాక ఒక్కో భాగానికి విడిగా రాయండి. సంతకం పెట్టే ఇంజనీరు ఆ స్థలాన్ని స్వయంగా చూసిన తేదీని అదే షీటు మీద వేయండి.

2004 నాటి ఆ షీటు ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది, ‘మైల్డ్’ అన్న మాట కింద నా సంతకం కూడా స్పష్టంగా ఉంది. కొత్తగా చేరిన ఇంజనీర్లకు చూపించాలని ఏ కార్యాలయం పిలిచినా, దాన్ని, ఆ బాల్కనీల ఫోటోలను తీసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్ట్రక్చరల్ ఇంజనీరు,
హైదరాబాద్